సుమారు ప్రిస్కిల్లా

రాయగడలో ఆ రోజుల్లో పుట్టినవాళ్లలో సగంమంది మొట్టమొదట చూసిన మొహం నర్సు దేవమణిది. మిగతా సగం కళ్లు మూసుకుని పుట్టినవాళ్లు. టెక్కలి దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి గుమాస్తా ఐజాక్‌ను చేసుకుని, మా పక్కింట్లో కాపురం పెట్టింది. ఆమె ఒక్క కేక వేస్తే, పుట్టడానికి బద్ధకించే బిడ్డలు కూడా గబగబా బయటికి వచ్చేవారు. మా ఆవిడ నమ్మదు గాని, ఇది నిజం.

అంతమంది బిడ్డల్ని అందుకున్న ఆ చేతుల్లోకి సొంత బిడ్డ రాలేదు. రెండుసార్లు కడుపు పోయింది.

డెబ్భై నాలుగు కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక, గుడిలో అలవాటు ప్రకారం అందరూ పళ్లెంలోంచి వాగ్దానం చీటీలు తీశారు. చీటీలో ఏ వాక్యం వస్తే ఆ ఏడాదంతా ఆ ఇంటికి అదే దేవుడి మాట. దేవమణికి బైబిల్లో హెబ్రీ పత్రిక అనే ఉత్తరంలోని శారా మాట వచ్చింది. ఈడు దాటిన ముసలామెకు విశ్వాసం వల్ల బిడ్డ కలిగిన సంగతి అది. వెంటనే సాక్ష్యానికి లేచి, అందరి ముందూ మొక్కుకుంది.

"నాకు బిడ్డ దక్కితే, ఈ మాట ఎవురు రాసేరో ఆళ్ల పేరే పెడతాను."

బైబిల్లో చాలా ఉత్తరాలు రాసిన పౌలే ఇదీ రాశాడని ఆమె ధీమా. నేను చదివిన కాన్వెంటులో సిస్టరు కూడా పౌలే అనేది. ఎలా తెలుసని అడిగితే బెత్తం చూపించి తేల్చేసింది.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. బాలింత మంచం మీద తోచక పత్రిక మొత్తం చదివిన దేవమణి మళ్లీ మొదటికి తిప్పింది. పౌలు ఏ ఉత్తరమైనా తన పేరుతోనే మొదలుపెడతాడు. ఇందులో మొదటా లేదు, చివరా లేదు, రాసిన మనిషి పేరే లేదు. మొక్కు తప్పితే ఈ బిడ్డ కూడా దక్కదేమోనన్న భయం పట్టుకుంది. పిల్ల కదిలినా లేచి కూర్చునేది. పేరు పెట్టే బాప్తిస్మం ఆదివారమే.

పొట్టంగి నుంచి మామగారు, రిటైరైన బడిపంతులు తోమాసు, దిగారు.

"పౌలేనమ్మీ. పౌలీనా అని పెట్టు."

"పేరు రాయలేదు కద మావయ్యా?"

"మర్సిపోయుంటాడు. జైల్లో ఉన్నోడికి వంద గొడవలు."

"పౌలు కాలంలోనే అపొల్లో అని ఓ బోధకుడు, ఆయన రాసేడని కూడా అంటారు నాన్నా," అన్నాడు ఐజాక్.

"సెందురుడి మీదకి పంపింది సాల్దేటిరా? మనింట్లో కూడా ఎందుకూ?"

ఎవరూ తేలకపోతే నేనే రాశానని ఒప్పుకుంటానన్నాను.

"మీరు రాస్తే నోవహు ఓడలో మీరు కోతలు కోసే ఆ పొట్టంగి పులి కూడా ఉండును," అన్నారు తోమాసుగారు.

దేవమణి నవ్వలేదు. "తప్పు పేరు పెడితే మొక్కు సెల్లినట్టేటి?" అంది.

శనివారం జయపురం నుంచి పాస్టరు దేవప్రసాద్ అయ్యగారు వచ్చారు. ఆయనకి కాఫీ అయినా ఇవ్వకుండా అడిగింది.

"ఎవరికీ తెలీదమ్మా," అన్నారాయన. "ఒకరు బర్నబా అన్నారు, ఒకరు లూకా అన్నారు. పూర్వం ఓ పెద్దాయన, అది దేవుడికే తెలుసని వదిలేశాడు. జర్మనీ పండితుడొకాయన, పౌలుతో కలిసి పనిచేసిన ప్రిస్కిల్లా రాసి ఉంటుందన్నాడు. ఆడది రాసిందంటే చదవరని పేరు తీసేశారేమోనట."

"ఆవిడ కాదని ఎవులైనా రుజువు సేసేరా?"

"చెయ్యలేదు. అవునని కూడా చెయ్యలేదు."

దేవమణి పిల్లను భుజానికెత్తుకుంది.

"కొండ మీద నించి కాన్పుకొచ్చే తల్లులకి వయసు తెలీదండి అయ్యగారూ. మేం సుమారు ఇరవై అని రాసేసి పురుడు పోసేస్తాం. వయసు తేలేదాకా బిడ్డ ఆగదు కదా. అసలు పేరు దేవుడికే తెలిసినప్పుడు, నేను సుమారు పెడితే ఆయన ఒప్పుకోడేటి?"

అయ్యగారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు.

"పేరు లేని పత్రికను సంఘం ఇన్ని వందల ఏళ్లుగా చదువుతోంది. పేరు సుమారైతే దేవుడు నీ బిడ్డను కాదంటాడా తల్లీ?"

మర్నాడు బాప్తిస్మంలో అయ్యగారు పేరు అడిగినప్పుడు, దేవమణి గుడి బయట రిక్షావాళ్లకి కూడా వినపడేలా "ప్రిస్కిల్లా" అంది. తోమాసుగారు పక్కనుంచి "పౌలీనా" అని గొణిగారు, ఎందుకైనా మంచిదని.

ఇంటికి రాగానే పిల్లను మామగారి ఒళ్లో పెట్టి పడుకుంది. భోజనాలకు లేపితే లేవలేదు. పిల్ల ఏడిస్తే తోమాసుగారు కీర్తన ఎత్తుకున్నారు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. దేవమణి మాత్రం అటు తిరిగి హాయిగా గురకపెట్టింది.