మడమ లేపితే గోడ చెబుతుంది

విశాఖలో ఎడమ రొమ్ము తీసేశాక నాకు అన్నిటికన్నా వింతగా తోచింది దురద. లేనిచోట దురద పెట్టేది. గోక్కుందామని చెయ్యి పోతే అక్కడ కుట్ల గీతా, చుట్టూ మొద్దుబారిన చర్మమూ తప్ప ఏమీ లేవు. గోరుతో గీసినా తెలియదు, దురద మాత్రం ఆగదు. ఇదెక్కడి నుంచి వస్తోందని డాక్టరమ్మను అడిగితే, నరాలకు ఇంకా కబురు అందలేదంది. ఆ మాట నాకు భలే నచ్చింది. మా గనుల ఊరు కిరందుల్‌కి తిరిగొస్తూ రైల్లో మా ఆయనకు పదిసార్లు చెప్పాను. ఆయన సొరంగాలు చూస్తూ ఊఁ కొట్టాడు.

ఆవిడ చెప్పిన రెండో మాట మాత్రం నచ్చలేదు. కీమో ముందే అయిపోయింది, ఇక కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలి. ఆ మెషీన్ కింద ఎడమ చెయ్యి తలపైకి ఎత్తి, కదలకుండా పడుకోవాలి. చంకలో గ్రంథులు కూడా తీసేశారు కనక భుజం బిగుసుకుపోతుంది. మూడు వారాల్లో చెయ్యి లేవకపోతే కరెంటు వాయిదా పడుతుంది, వాయిదా పడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ రోజు నా చెయ్యి జడ దాకా కూడా పోవడం లేదు. అసలు జడే లేదనుకోండి, అది వేరే సంగతి.

గోడ మీద వేళ్లతో పైపైకి పాకించమన్నారు. మా కంపెనీ క్వార్టర్ గోడ మీద రోజూ పాకించేదాన్ని. గనిలో షిఫ్టు ముగించుకుని వచ్చిన మా ఆయన, నా వేళ్లు చేరినచోట పెన్సిల్‌తో గీత పెట్టేవాడు. పది రోజుల్లో గీతలు స్విచ్‌బోర్డు దాటాయి. నేనా ఊరుకునేది! వచ్చినవాళ్లందరికీ చూపించాను. కాలనీ ఆడవాళ్లు మెచ్చుకుంటూనే, ఓరకంట నా పైటవైపు చూసి ఎండల గురించి మాట్లాడేవాళ్లు.

ఓరచూపు తెలియనిది ఒక్కతే, మాకు ఆకుకూరలూ చింతపండూ తెచ్చే ఆమె. పుట్టింది కోంటా వైపు, ఈ దగ్గరి పల్లెకు కోడలుగా వచ్చింది. ఆమె తెలుగులో సగం వాళ్ల దోర్లీ భాష, కొంత హిందీ. నేను ఆమెను దీదీ అంటాను, ఆమె నన్ను దీదీ అంటుంది. ఇద్దరిలో ఎవరు అక్కో ఇంతవరకూ తేలలేదు. గంప దించి, ఎక్కడ కోశారో చూపించమంది. చూపించాను. దగ్గరగా వంగి చూసి, వేలితో తాకి, తెలుస్తోందా అని అడిగింది. లేదంటే, మరి ఇక్కడా అంటూ అంగుళం అంగుళం జరిపింది. స్పర్శ ఎక్కడ మొదలవుతుందో ఇద్దరం కలిసి వెతికాం. ఆ తర్వాత పెన్సిల్ గీతలు చూపిస్తే, రేపు మా ఇంటికి రా, గోడలకు తెల్లమట్టి పూయాలి అంది.

మట్టి, గాయం, చీము అంటూ మా ఆయన గొడవ చేశాడు. చివరికి గిన్నెలు తోమే రబ్బరు తొడుగు నా చేతికి తొడిగి, తనే స్కూటర్ మీద దింపాడు.

కుండలో తెల్లమట్టి నీళ్లు కలిపి ఉన్నాయి. గుడ్డ ముంచి కుడిచేత్తో పట్టుకుంటే, ఆమె తీసి ఎడమ చేతిలో పెట్టింది. కింద నుంచి పైకి అర్ధచంద్రంగా ఒక్క ఊపున పూయాలట. తడి మీద ఏమీ కనిపించదు, ఆరాకే తెల్లదనం తేలుతుంది. జావ తాగి వచ్చేసరికి నా చేతి దారంతా గోడ మీద పైకొచ్చి ఉంది. ప్రతి వంపూ భుజం ఎత్తు దాకా చక్కగా వచ్చి, అక్కడ విరిగి, మళ్లీ నిలువుగా లేచింది.

"ఏంది దీదీ, ఈడ మడమ లేపినవ్. ఈడ నడుం వంచినవ్. చెయ్యి ఈడికే ఆగింది, గోడ చెప్తాంది సూడు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. లేదని వాదించాను. అయితే మడమలు నేలకానించి పుయ్యమంది. చెయ్యి సరిగ్గా ఆ విరిగినచోటే ఆగిపోయింది. మా ఆయన ముచ్చటగా గీసినవన్నీ నేను మునికాళ్ల మీద లేచిన ఎత్తులే. మిగిలింది పదకొండు రోజులు. ఆపరేషన్ బల్ల మీద కూడా వెయ్యనంత భయం వేసింది.

రోజూ వెళ్లాను. వీధి గోడ, లోపలి గది, చివరికి కోళ్లగూడు. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద, ఆపరేషన్ తర్వాత బిగిసిన సన్నటి తాడులాంటిది ఒకటి లాగేది. ఆమె దాన్ని వేలితో మీటి, ఇది నీకు ముందు నుంచీ ఉందా అని ఆశ్చర్యపోయింది. నాకూ ఆశ్చర్యమే. నొప్పి పుట్టినప్పుడల్లా ఆమెను తిట్టాను. ఆమె దోర్లీలో తిరిగి తిట్టింది. అర్థం కాకపోవడం నా అదృష్టం.

చివరి రోజు మళ్లీ వీధి గోడ దగ్గర ఆమె నా వెనక నేల మీద కూర్చుని, రెండు మడమలూ రెండు చేతులతో అదిమి పట్టింది. ఇక లేపమంది. తాడు తెగిపోతుందనే అనుకున్నాను. చెయ్యి చెవి దాటింది. గుడ్డ చూరు వెదురుకు తగిలి, తెల్లనీళ్లు మోచేతి మీదుగా కారాయి. ఆమె పైకి చూడనే లేదు, నా మడమలే చూస్తోంది.

విశాఖలో మెషీన్ కింద పడుకోబెట్టి చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాను. తల మీదుగా వెళ్లి, పెట్టాల్సినచోట ఆనింది. మెషీన్ అబ్బాయి కొలతలు చూసుకుంటూ నా కాళ్ల దగ్గర ఆగాడు.

"చెయ్యి బాగుందమ్మా. మడమలెందుకు అంత గట్టిగా నొక్కిపెట్టారు? పడుకునే ఉన్నారుగా, వదిలెయ్యండి."

కదలకూడదన్నారని నవ్వు ఆపుకున్నాను. కన్నీళ్లు చెవుల్లోకి జారాయి, వాటినీ తుడుచుకోలేదు.