గుడ్డపీలిక కట్టిన మూడు మొక్కలు

నాకు తొందరెక్కువ. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ తొందరతోనే చీపురుపల్లి దగ్గర మా పిన్ని తోటలో మూడు మిరప మొక్కల్ని వేళ్లతో సహా పీకేశాను.

అప్పుడు నేను పరిశోధన విద్యార్థిని. చుట్టుపక్కల తోటలన్నీ ఆకుముడతకి కొరగాకుండా పోతే, పిన్ని వేసిన నాటు మిరపలో మూడు మొక్కలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. తెగులు మీద పడ్డప్పుడు వాటిలో ఏ జన్యువులు మేలుకుంటున్నాయో చదవాలన్నారు మా గైడు సారు. ఆకు, కాయ, వేరు అన్నీ కావాలి. ఒక్క మొక్కయితే ఎవరూ నమ్మరు, కనీసం మూడు ఉండాలి. పీకిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి, లేకపోతే జన్యువుల జాడ చెప్పే ఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో పాడైపోతుంది. శ్రీకాకుళం నుంచి ఆటోలో క్యాన్ తెచ్చాను, అందులోది ఆవిరైపోతోందని ఒకటే గాభరా. పిన్ని సంతకెళ్లింది. వచ్చేదాకా ఆగలేదు.

ఆ మూడింటికీ గుడ్డపీలికలు కట్టున్నాయి. విత్తనానికి వదిలినవని నాకు తెలుసు. తెలీదంటే పచ్చి అబద్ధం. ఇంట్లో పాత విత్తనం ఉంటుందిలే అనుకున్నాను.

పిన్ని వచ్చి గుంటలు చూసింది. నెత్తి మీద తట్ట దించలేదు.

"ఏటే ఇది? తుపానుకి ఇల్లు కారి ఇత్తనాల కుండ బూజు పట్టీసింది. తెగులుకి తట్టుకుని ఈ మూడే మిగిల్నాయి. కాయ పండితే గింజ తీద్దారని సూస్తన్నాను. ఒక్కపాలి నన్ను అడగనేకపోయావా?"

ఉన్న కాయలన్నీ ముంచేశాను. వాటిలో గింజలు లేతవి, పైగా గడ్డకట్టి చచ్చిపోయాయి. ఊళ్లో మిగతావాళ్లంతా ఎప్పుడో ప్యాకెట్ విత్తనానికి మారిపోయారు. నాలుగూళ్లు తిరిగాను, ఆ రకం ఎక్కడా లేదు.

ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. నాకు డాక్టరేట్ వచ్చింది. పిన్ని ప్యాకెట్ విత్తనం వేస్తే ముడత ఊడ్చేసింది. ఓరోజు ల్యాప్‌టాప్‌లో ఆ జన్యువుల్ని రాసిన అక్షరాల బారులు చూపించి, నీ మిరప ఇదే పిన్నీ అన్నాను, అదేదో ఓదార్పన్నట్టు. సిగ్గులేని పని.

"అంతా ఇందులో ఉన్నాదా?"

"ఉంది."

"అయితే మళ్లీ మొలిపించి ఇయ్యి."

అది చదువుకోడానికే గానీ మొలవదని చెప్పాలి. చెప్పలేదు. టైము పడుతుంది పిన్నీ అన్నాను. పిరికిదాన్ని.

ఆ ఏడు తొలకరికి పిన్ని ప్యాకెట్ కొనలేదు. నారుమడి తవ్వి, పెంట వేసి, కోళ్లు తొక్కకుండా చుట్టూ కంప కట్టి, ఇత్తనాలు ఎప్పుడు తెస్తావే అని నాకు ఫోన్ చేసింది.