మంచు దారి తర్వాత ఏముందో

అమ్మా, అయ్యా, నేను చదివింది అయిదో తరగతి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ తికమకే. నా చెయ్యి పోపు పెట్టే చెయ్యి, రాసే చెయ్యి కాదు. భయపడుతూనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేం కెనడాలో, విన్నిపెగ్‌లో ఉంటాం. పైన నేనూ మా ఆయనా, కింద బేస్‌మెంట్‌లో కాలేజీ పిల్లలు. కొన్నాళ్ల కిందట ఏ బస్సెక్కినా తెలుగే వినిపించేది, అంతమంది పిల్లలు వచ్చిపడ్డారు. కిందున్న వాళ్లకి నేనే వండిపెట్టేదాన్ని. ఒక ఆదివారం సాంబారు గిన్నె పట్టుకుని మెట్లు దిగుతుంటే వేడెక్కిన ప్లాస్టిక్కు, దుమ్ము కలిసిన వాసనొకటి వచ్చింది. కరీంనగర్ నుంచి వచ్చిన కార్తీక్ తన లాప్‌టాప్‌లో పాతకాలం టీవీ గేమ్ ఏదో ఆడుతున్నాడు. నేను గిన్నె ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. అది తునిలో మా మావయ్య కొట్టు వాసన.

మావయ్య టీవీలు బాగుచేసేవాడు. కొట్టు వెనక గదిలో డిస్కులేసి ఆడే గేమ్ పెట్టె ఒకటి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో, బయట తారు మెత్తబడి చెప్పులకి అంటుకునే మధ్యాహ్నాల్లో, మామిడి తాండ్ర చప్పరిస్తూ, ముంజల నీళ్లు గౌను మీద కార్చుకుంటూ, సగం దించిన షట్టరు కింద నుంచి వచ్చే వెలుతురులో నేనూ, మావయ్య కూతురు పద్మొదినా ఆ టీవీ ముందు కూర్చునేవాళ్లం. వదిన ఎర్ర కారు నడిపేది. నేను పెట్టెకి తాటాకు విసనకర్రతో విసిరేదాన్ని. కారు కొబ్బరి చెట్ల పక్క నుంచి బయల్దేరి, కొండలెక్కి, చీకటి ఊళ్లు దాటి, చివరికి తెల్లటి మంచు దారిలోకి వెళ్లేది. మంచంటే మాకు తెలీదు, దూదేమో అనుకున్నాను. సరిగ్గా అక్కడే పెట్టె వేడెక్కి బొమ్మ ఆగిపోయేది.

"చెప్పానా, కాసేపు చల్లారనివ్వండే!" అంటూ మావయ్య వచ్చి పెట్టెని అట్టు తిరగేసినట్టు తిరగేసి, బోర్లించి పెట్టేవాడు. అలా పెడితే డిస్కు మళ్లీ తిరిగేది, కానీ ఆట మొదటికొచ్చేది.

"మంచు తర్వాత ఏమీ ఉండదే, లోకం అక్కడితో సరి," అనేది వదిన.

"ఏదో ఉంటాది," అనేదాన్ని నేను. ఏముందో చూడకుండానే ఆ పెట్టె పాడైపోయింది.

ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, కిటికీ అవతల తెలుపు తప్ప ఏమీ కనపడని రోజుల్లో, వదిన మాటే గుర్తొచ్చి గుండె జారేది. ఆ ఆదివారం ఇదంతా చెబితే కార్తీక్ రోజుల తరబడి వెతికి ఆ ఆటే పట్టుకున్నాడు. బొమ్మ అద్దంలా రావాలని సెట్టింగులన్నీ పెంచి పెట్టాడు. కారు నత్తలా కదిలింది, పాట సాగిసాగి వచ్చింది.

"బొమ్మలకు విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదక్కా. ప్రాసెసర్ల ఉన్నదాంతోనే నడ్వాలె, మెమరీ గూడ పంచుకోవాలె," అన్నాడు దిగులుగా.

"ఒక్క పొయ్యి మీదే అన్నం, కూరా అన్నమాట. మంట తగ్గించు మరి."

"తగ్గిస్తే మసకగ వస్తదక్కా!"

"రానీ. మాకు మసకే అలవాటు."

తగ్గించాడు. నేను పైకెళ్లి రెండు స్టీలు గిన్నెలు తెచ్చి బోర్లించి, కింద గాలాడేలా లాప్‌టాప్‌ని వాటి మీద పెట్టాను. కారు పరుగందుకుంది. అదే చుక్కల చుక్కల మసక. తునిలో అప్పుడే తెల్లారింది. వదినకి వీడియో కాల్ చేసి, ఫోన్ కార్తీక్ చేతికిచ్చి, నేనే కారు నడిపాను.

"ఎడం పక్కకే, ఎడం పక్కకి! గరిటె తిప్పుతున్నావా, కారు తిప్పుతున్నావా?"

"నువ్వు విసనకర్ర పట్టుకో వదినా, ఈసారి నాది కారు!"

మంచు దారి వచ్చింది. బొమ్మ ఆగలేదు. తెలుపు, తెలుపు, ఒక సొరంగం, తర్వాత లేత ఎండ.

"కనపడట్లేదే, ఏముందో చెప్పవే!"

"కొబ్బరి చెట్లొదినా. మొదట్లో ఉన్నవే."

"అయితే తిరిగి మనూరే వచ్చేసింది గదే," అంది వదిన.

ఇప్పుడు మావయ్య లేడు. ఆ కొట్టులో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. మిగిలిన డిస్కుల్ని వదిన కాకులు రాకుండా డాబా మీద వేలాడదీసింది, గాలికి తళుక్కుమంటాయట. కార్తీక్ ఉద్యోగానికి కాల్గరీ వెళ్లిపోయాడు. కింద ఆ వాసన లేదు. ఇవాళ కూడా మంచు పడుతోంది. నేను కిటికీ దగ్గర చిక్కుళ్లు ఒలుస్తున్నాను, గుండె జారడం లేదు.

ఉప్పు తగ్గిన పప్పుని ఏమీ అనకుండా తినేసే మంచివాళ్లున్నట్టే, నా తప్పుల్ని కూడా మన్నించి చదివెయ్యండి.