కిటికీలో గాజుతొట్టి

న్ఖాటా బే ఊళ్లో ముప్పయ్యేళ్లు సరస్సులో మునిగి రంగుచేపలు పట్టి అమ్మిన లమెకికి, పక్కింటి టైలరు యోతాము చేపలతొట్టిని చూస్తే కడుపు మండేది. కత్తెర పట్టేవాడికి చేపల సంగతేం తెలుసు? అయినా వాడి గాజు తళతళలాడేది. లమెకిది మాత్రం ఎంత తోమినా మూడోనాటికి నాచు పట్టేది.

చివరికి సిగ్గు విడిచి అడిగాడు. "ఏం మందేస్తున్నావురా?"

"మందా? చీకటి మూలన పెట్టానన్నా, అంతే. నువ్వేమో ఉసిపా చేపల్లా కిటికీలో ఎండబెడితివి!"

పుట్టిన సరస్సు తన చేపలకు కనబడుతుండాలనే లమెకి అక్కడ పెట్టాడు. ఇంటికొచ్చి, తొట్టిని జరపబోయి ఆగాడు. సరస్సులో రాళ్లమీది నాచు మేసినట్టే, చేపలు గాజును ఆబగా మేస్తున్నాయి. యోతాము గాజుమీద ఏడుస్తూ, ఇన్నాళ్లూ వీటి మేతనే గీరి పారేశాడన్నమాట!

యోతామును పిలిచి చూపిద్దామనుకున్నాడు. వాడూ తన తొట్టిని కిటికీలో పెట్టేస్తాడని నోరు మూసుకున్నాడు.