ముందు వరుస టికెట్లు

మా ఆయన ఉద్యోగం పోయిన ఆరో వారంలో మేము సముద్రం ఒడ్డునుండే బ్లాక్‌పూల్‌కి సరదాగా గడపడానికి వెళ్ళాం. సరదా, నా మొహం. ఐటీ ఉద్యోగాలు వరసగా ఊడిపోతున్న రోజులవి. గదులేమో అంతకుముందే బుక్ చేసేసుకున్నాం. మాతో వచ్చేది బర్మింగ్‌హామ్‌లో మా వీధిలోనే ఉండే చిన్న జంట. ఆ అబ్బాయి మా ఆయన్ని అన్నయ్యా అంటాడు, నన్ను వదినా అంటాడు. రామంటే ఎందుకు రారని అడుగుతారు. ఉన్నమాట చెబితే తెల్లారేసరికి గుంటూరులో మావాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఇంకో కంపెనీ వర్క్ పర్మిట్ ఇచ్చేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పొద్దని మా ఆయన నాకు మరీమరీ చెప్పాడు. పర్మిట్ రాకపోతే సామాను సర్దుకుని ఇండియా పోవడమే గనక నేనూ సరేనన్నాను.

నేను ముసలివాళ్ళని చూసుకునే కేర్‌హోమ్‌లో చేసేదాన్ని. ఆ వారం డ్యూటీల రోటాలో నాకు అన్నీ పొద్దుటి షిఫ్టులే పడ్డాయి. శుక్రవారం డ్యూటీ దిగి, నలుగురికీ పులిహోర కలిపి, డబ్బాలకెత్తి, కారెక్కి నిద్రపోయాను. ఎక్కడికి పోతున్నామో కూడా పట్టలేదు.

ఆ రోజుల్లో కేసినోలో ముందురోజు ఫారం నింపి మెంబరైతేనే మర్నాడు ఆడనిచ్చేవాళ్ళు. అందుకని ఊళ్ళో దిగీ దిగగానే అక్కడికే పరుగు. ఫారంలో ఉద్యోగం అన్న గడి దగ్గర మా ఆయన పెన్ను ఆగిపోయింది. నేను వేరే వైపు చూశాను. మళ్ళీ చూసేసరికి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని రాసి ఉంది.

శనివారం మధ్యాహ్నం ఆ అబ్బాయి చక్రం తిరిగే బల్ల దగ్గర చేరి ఒకటే హడావుడి. మా ఆయన నాలుగు పందెం బిళ్ళలు కొని గుప్పిట్లో పెట్టుకుని, ప్రతి బల్ల దగ్గరా కాసేపు నిలబడి, ఒక్కటీ వెయ్యకుండా తిరిగాడు. ఆడవేంటన్నయ్యా అని అడిగితే ముందు ఆట పట్టు తెలియాలన్నాడు. అంత మనిషి అలా బిళ్ళలు నలుపుకుంటూ తిరుగుతుంటే నాకు జాలేసింది, ఒళ్ళూ మండింది. ఒక్కటి వేసి పారేస్తే ఏం పోయిందండీ అందామనుకున్నాను. కూర్చోవడానికి కుర్చీ దొరికితే చాలనిపించింది.

సాయంత్రం కామెడీ షో. టికెట్లు ఆ అబ్బాయే తీశాడు, అదీ ముందు వరుసలో. అన్నయ్య ఉండగా వెనకెక్కడో కూర్చుంటామా అన్నాడు. మనకి సభయినా పెళ్ళయినా ముందు కుర్చీ అంటే మర్యాద కదా. ఇక్కడ కమెడియన్లు ముందు వరుసలో వాళ్ళనే పట్టుకుని ఆడుకుంటారని మాలో ఒక్కరికీ తెలియదు. తెలిసినవాళ్ళంతా వెనక వరుసల్లో హాయిగా సర్దుకున్నారు.

ఎర్ర కోటు వేసుకున్న కమెడియన్ ముందు ఒక బట్టతలాయన్ని పట్టుకున్నాడు. తర్వాత ఒక కొత్త జంటని. ఒక్కొక్క కుర్చీ దాటుకుంటూ మా వైపే వస్తున్నాడు. అందరినీ అడిగేది ఒకటే, ఏం పని చేస్తావని. మా ఆయన మోకాలు గట్టిగా పట్టుకున్నాను. ఫారంలో రాసిన మాటే చెప్పేలా చూడు దేవుడా అని మనసులో మొక్కుకున్నాను.

మైకు మా ఆయన మొహం ముందుకొచ్చింది.

"ఏమీ చెయ్యను. ఉద్యోగం పోయి ఆరు వారాలైంది" అన్నాడాయన ఇంగ్లీషులో, మెల్లగా, స్పష్టంగా.

మరి ముందు వరుస టికెట్టు ఎవడు కొన్నాడని ఎర్రకోటు అడిగాడు. మా ఆయన ఆ అబ్బాయిని చూపించాడు. హాలంతా పగలబడి నవ్వింది. మేం నలుగురం మాత్రం నవ్వలేదు. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. దాచీ దాచీ నేనూ అలిసిపోయానేమో, ఇక రేపు ఎవరికి తెలిస్తే నాకేంటనిపించింది.

బయట సముద్రం గాలి మమ్మల్ని తోసేస్తోంది. మగవాళ్ళిద్దరూ నాలుగడుగులు ముందు నడుస్తున్నారు. వెనక ఆ అబ్బాయి భార్య నా చెయ్యి పట్టుకుని, మాకు చెప్పకూడదా అక్కా, మేం పరాయివాళ్ళమా అని నిష్ఠూరమాడుతోంది. ఎన్నాళ్ళయినా మా ఇంటికొచ్చి భోంచెయ్యండి అని కూడా అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ముందు నుంచి ఆ అబ్బాయి గొంతు వినిపించింది. మేం వెనకే ఉన్నామని మరిచిపోయాడో, వినాలనే అన్నాడో నాకిప్పటికీ తెలియదు.

"నాకూ పోయిందన్నయ్యా. నెలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

ఆ అమ్మాయి నా చెయ్యి వదిలేసింది.