ఆదెన్న గీసిన ముఖాలు

కుళ్ళాయప్ప తాత చచ్చిపోయిన రోజునే ఓబమ్మకు భయం పట్టుకుంది. అంతకు వారం ముందే ఆమె మొగుడు ఆదెన్న, అరుగు మీద ఎండకు కూర్చున్న ఆ ముసలాయన ముఖాన్ని కాగితం మీద గీశాడు. అది 1972. వానలు లేక ధర్మవరంలో బావులన్నీ అడుగంటిన ఏడు. ముసలివాళ్ళు రాలిపోతూనే ఉన్నారు. అయినా తాత కోడలు శవం పక్కన కూర్చుని, "బొమ్మ గీసి పానం లాక్కున్నాడు" అని ఏడ్చిన మాట సాయంత్రానికి వీధంతా పాకింది.

పట్టుచీరల అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు గీయడం ఆదెన్న పని. హంసలు, మామిడి పిందెలు, గోపురాలు. షావుకారు పక్కన పడేసిన కాగితాలు ఇంటికి తెచ్చుకుని, వెనకవైపు మనుషుల ముఖాలు గీసుకునేవాడు. దీపపు మసి, ఇటుక పొడి, పసుపు, అవే రంగులు. ఉన్న ముఖం ఉన్నట్టే గీసేవాడు, పగిలిన పెదవులతో సహా.

ఆ ఏటి ఎండాకాలంలోనే పక్కింటి మారెక్క కూతురు సుబ్బరత్నను గీశాడు. ఏడేళ్ళ పిల్ల. కుదురుగా కూర్చోలేక మూడుసార్లు లేచి పరిగెత్తింది. నాలుగో రోజున వాంతులు, విరేచనాలు. ఆసుపత్రి చేరకముందే దారిలో కన్ను మూసింది.

మారెక్క వచ్చి దోసిళ్ళతో మన్నెత్తి ఓబమ్మ గడప మీద పోసింది. "నీ మొగుని చేతులు పడిపోను! ఇంగ ఎంతమందిని మింగుతాడే?"

అప్పటినుంచి ఆదెన్న వీధిలోకి వస్తే తల్లులు పిల్లల ముఖాలకు కొంగు కప్పేవారు. అతను గీసిన అంచు పెండ్లి చీరకు ఎవరూ ఒప్పుకోవడం లేదని షావుకారు పని మాన్పించాడు. పట్టపగలే ఇంటి మీద రాళ్ళు పడేవి. రాయి పడ్డప్పుడల్లా ఓబమ్మ మూలన ముడుచుకునేది. ఎవరికీ చెప్పుకోలేని భయం ఇంకొకటి ఉండేది: వాళ్ళ మాట నిజమేనేమో! మొగుడు కాసేపు తేరిపార చూస్తే చాలు, ముఖం తిప్పుకునేది.

ఒకనాడు అతని చేయి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "ఒట్టెయ్. ఇంగ మనుషుల బొమ్మలు గీయనని ఒట్టెయ్."

"నేను గీస్తే చావలేదు ఓబీ. చస్తాండారని గీస్తాండా" అన్నాడు ఆదెన్న. "ఫోటో తీయించుకునే గతి ఉండాదా వీళ్ళకు? రేపు వీళ్ళ ముఖం ఎట్లుండెనో ఎవురికి తెలుస్తాది?"

మెల్లగా చేయి వెనక్కి తీసుకున్నాడు. ఒట్టు వేయలేదు.

తరవాత కంకర కొట్టే పనికి పోయి, ఆ దుమ్ము మింగి, దగ్గి దగ్గి 1979లో పోయాడు. పాడె మోయడానికి నలుగురు దొరకడమే కష్టమైంది. కాగితాల కట్టను పొయ్యిలో పెట్టబోయి ఓబమ్మ వెనక్కి తీసుకుంది. కాలిస్తే అందులోని వాళ్ళు ఊరుకుంటారా? ఉంచితే ఏం ముంచుకొస్తుందో? చివరికి రేకు పెట్టెలో వేసి అటకెక్కించి, నాలుగేళ్ళు ఆ వైపు కన్నెత్తి చూడలేదు.

1983లో ఒక మధ్యాహ్నం మారెక్క వచ్చి గడప బయట నిలబడింది. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. మళ్ళీ ఏ నింద మోసుకొచ్చిందోనని ఓబమ్మ తలుపు సగం మూసింది.

"ఓబక్కా, నా బిడ్డ ముఖం నాకు మతికి రాకుండా పోతాండాది" అంది మారెక్క. "కండ్లు మూసుకుంటే ముక్కు కనపడతాది, నోరు కనపడదు. ఆ బొమ్మ ఉండాదా, కాల్చేసినావా?"

ఇద్దరూ కలిసి పెట్టె దించారు. ఓబమ్మ తల పక్కకు తిప్పుకునే కట్ట విప్పింది. సుబ్బరత్న బయటపడింది, ఇంకో క్షణంలో లేచి పరిగెత్తేటట్టు. మారెక్క ఆ కాగితాన్ని రొమ్ముకు హత్తుకుని నేల మీద కూలబడిపోయింది.

దాని కింద కాగితంలో ఓబమ్మే ఉంది. పొయ్యి ముందు కూర్చుని, ఏదో చప్పుడుకు తల తిప్పిన బెదురు కళ్ళతో. మూలన 1974 అని వేసి ఉంది. తను చూడనప్పుడు ఎప్పుడు గీశాడో! కాగితం చేతిలోంచి జారింది. కాసేపటికి వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది.

"తొమ్మిదేండ్లాయ మారెక్కా" అంది. "నేను బతికే ఉండా."

మారెక్క బిడ్డ బొమ్మకు అద్దం కట్టించి గోడకు తగిలించుకుంది. చీర కొనడానికి, మగ్గమున్న ఆమె ఇంటికి వచ్చిన అనంతపురం డ్రాయింగు మాస్టరు బాలసుబ్రహ్మణ్యం దాన్ని చూసి, పక్కనే ఉన్న ఆదెన్న ఇంటికి వచ్చాడు. ప్యాంటు వేసుకున్న మనిషిని చూసి పోలీసనుకుని ఓబమ్మ వెనక తలుపు వైపు పరిగెత్తింది. అతను గడప దాటకుండా బయటే కూర్చుని గంటసేపు నచ్చజెప్పాక గానీ ఆమె కట్ట ఇవ్వలేదు.

1986లో అనంతపురంలో ఒక హాలు గోడల నిండా ఆ ముఖాలు వేలాడాయి. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి జనం వచ్చారు. పత్రికలు ఆదెన్నను ఆకాశానికెత్తాయి. కుళ్ళాయప్ప మనవళ్ళు బస్సెక్కి వచ్చి, "మా తాత, మా తాత" అని వచ్చేపోయేవాళ్ళకు చూపించుకున్నారు. పని మాన్పించిన షావుకారు కొడుకు అంగట్లో అప్పటికే 'ఆదెన్న అంచు' చీరలు వేలాడుతున్నాయి.

"అమ్మా, మీ బొమ్మ పక్కన నిలబడండి" అన్నాడు పత్రిక ఫోటోగ్రాఫరు.

అంతమంది ఒక్కసారే తనవైపు తిరిగేసరికి ఓబమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పారిపోవడానికి వాకిలి ఎటుందో చూసుకుంది. మారెక్క వచ్చి చేయి పట్టుకుంది. "నేనుండా కదక్కా. నిలబడు."

కెమెరా మెరిసింది. మరునాటి పత్రికలో ఓబమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్న ఫోటోనే పడింది.