మాంత్రికుడి తల్లి

మొన్న చోడవరంలో మా అమ్మాయి ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, పక్కనే ఫోనులో కథ వింటున్న ఐదేళ్ల మనవరాలు, రాకుమారుడు చిలక పీక నులమగానే మాంత్రికుడు గిలగిలా కొట్టుకుని చచ్చిపోయాడని చప్పట్లు కొట్టింది. ఆ కథ నేను మరోలా విన్నాను.

చెప్పింది మా మేనత్త. చిన్నతనంలోనే భర్త పోతే కొడుకుని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. సాయంత్రాలు పొయ్యిలోకి ఎండిన చెరకాకు ఎగదోస్తూ ఆవిడ చెబుతుంటే నేనూ, తమ్ముడూ, మాకంటే పెద్దవాడైన బావా చుట్టూ చేరేవాళ్లం. ఆవిడ కథలో రాకుమారుడు మొదట్లో ఏమంత మంచివాడు కాదు. దాహం తీర్చిన ముసలమ్మ కుండనే కాలితో తన్నేవాడు, అలసిన గుర్రాన్ని కొట్టేవాడు. ఏడు సముద్రాలూ దాటేసరికి నెమ్మదించి, చీమకు కూడా దారిచ్చే మనిషయ్యేవాడు. అయినా చివర్లో చిలక పీక మాత్రం నులిమేసేవాడు. మేము హాయిగా నిద్రపోయేవాళ్లం.

ఒక ఏడు గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలుకెళ్తూ, దారిలో బండి తిరగబడి బావ పోయాడు. అత్త గుమ్మంలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయేది. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం తమ్ముడు, చిన్నవాడు కదా, కథ చెప్పమని ఆవిడ ఒళ్లో చేరాడు. అమ్మ కళ్లతోనే వారించింది గాని అత్త మొదలుపెట్టింది. ఎప్పటిలాగే సముద్రాలన్నీ దాటించి, చిలకని రాకుమారుడి చేతికిచ్చి, ఆగిపోయింది.

"నులిమేసేడా అత్తా?" అన్నాడు తమ్ముడు.

"నేదురా. ఆ మాంత్రికుడికీ ఓ అమ్మ ఉంటాది కదా. కొడుకు ఇంకా రానేదేటని గుమ్మంలో కూకుని సూస్తంటాది."

"ఆడు సెడ్డోడు కదా?"

"సెడ్డోడే. అయినా ఆడికి అన్నం మూతెట్టి ఉంచుతాది."

తర్వాత ఏమైందని వాడు ఎంత గుంజినా ఆవిడ చెప్పలేదు. వాడు ఏడుస్తూ లేచిపోయాడు. నేను కదల్లేదు. అంతవరకూ రాకుమారుడి వెనకాలే నడిచి చూసిన ఆ కోటని మొదటిసారి అటువైపు గుమ్మంలో కూర్చుని చూశాను. అత్త మళ్లీ ఏ కథా చెప్పలేదు. మరుసటి వానాకాలం రాకుండానే ఆవిడా పోయింది.

చీడికాడ బడిలో టీచరునయ్యాక పిల్లలకి ఆ కథ చెబుతూ, ఆవిడ ఆగినచోటే నేనూ ఆగేదాన్ని. ఒకసారి వెనక వరసలోని గుంటపిల్ల, ఒకవేళ చిలక చచ్చిపోతే ఆ అమ్మకి ఎవరు సెప్తారు టీచరూ, అని మెల్లగా అడిగింది. తరగతంతా చాలాసేపు నిశ్శబ్దంగా కూర్చుంది.

అప్పట్లో కథ అయ్యాక అలాంటి నిశ్శబ్దం ఒకటి ఉండేది. ఇప్పుడు ఫోనులో ఒక కథ ముగిసీ ముగియకముందే మరొకటి దానంతటదే మొదలైపోతోంది. చచ్చినవాళ్ల కోసం ఎవరూ కాసేపైనా ఆగడం లేదు.